ఓ సోదరి, గుంటూరు జిల్లా

ఆదివారం పేపరొస్తే ఆ ఇంట్లో పుస్తకం ముందు అత్తగారి చేతికి వెళ్లాలి. రూలేం కాదు, అలవాటు. మెయిన్ పేపరు మామగారికిచ్చేసి, ఆదివారం పుస్తకం మాత్రం ఆవిడ తన దిండు కింద పెట్టుకుంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్లజోడు తుడుచుకుని మొదలుపెడుతుంది. మొదట వారఫలాలు, తర్వాత వంటలు, ఆపైన కథ. చివరికి మనసుకు సంబంధించిన ప్రశ్నలకు డాక్టరుగారిచ్చే జవాబులు. ఇదీ వరస.

2006 ఆగస్టు చివర్లో ఆ వరస తప్పింది. పేపరబ్బాయి సైకిలు సందు మలుపు తిరిగేసరికే కోడలు గేటు దగ్గర నిలబడుతోంది. పిల్లాడు నిద్ర లేవకముందే, పాలు పొంగకముందే. వరండా మెట్ల మీద నిలబడే పుస్తకం వెనక పేజీల్లోకి వెళ్లి, ఒక పేజీ గబగబా చూసి, మడత చెదరకుండా అత్తగారి దిండు పక్కన పెట్టేస్తోంది. పేపరు మీద అంత శ్రద్ధ ఎప్పుడొచ్చిందో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఓ జవాబు సిద్ధం చేసుకుంది... చీరల సేల్ ప్రకటన కోసమని.

ఆమెకప్పుడు 27 ఏళ్లు. ఊరు తెనాలి. భర్త సహకార బ్యాంకులో గుమాస్తా. నాలుగేళ్ల కూతురు, ఆర్నెల్ల కొడుకు. రెండో కాన్పు కూడా పుట్టింట్లోనే జరిగింది. ఐదో నెలలో చీరా సారెతో అత్తగారింటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడని మామగారు వీధి వీధంతా మిఠాయి పంచారు. బయటి నుంచి చూస్తే ఆ ఇంటికేం లోటు?

* * *

పిల్లాడు బోర్లా పడ్డాడని బొబ్బట్లు చేసి పంచిన నాలుగో రోజది. ఆమె వంటింట్లో కత్తిపీట మీద కాలేసి కూర్చుని దొండకాయలు తరుగుతోంది. పిల్లాడు కాస్త దూరంలో చాప మీద పడుకుని తన పిడికిలి తనే చీకుతున్నాడు. కూతురు బడికెళ్లింది. అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. రేడియోలో ఏదో పాట. ఏ గొడవా లేదు, ఎవరి మీదా కోపం లేదు. అలాంటప్పుడు వచ్చిందా ఆలోచన.

ఈ కత్తిపీట మీద ఈ పిల్లాణ్ని...

అంతే. అక్కడితో ఆగింది. ఆగింది గానీ బొమ్మ మాత్రం కళ్ల ముందు నిలబడిపోయింది. చేతిలో దొండకాయ జారిపోయింది. కత్తిపీట మడిచి గోడకి ఆనించి, పిల్లాణ్ని చాప మీదే వదిలేసి, వీధి అరుగు మీదకొచ్చి కూర్చుంది. ఒళ్లంతా చెమట. పిల్లాడు ఏడుస్తున్నా లేవలేదు. ఎత్తుకుంటే ఏం చేస్తానోనని భయం.

ఆ రాత్రి మళ్లీ వచ్చింది. మర్నాడు నాలుగుసార్లు. వారం తిరిగేసరికి లెక్కపెట్టడం మానేసింది. వద్దనుకున్నకొద్దీ ఎక్కువైంది. వచ్చినప్పుడల్లా మనసులో 21 సార్లు రామనామం అనుకునేది. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటికి. ఒక్కోసారి కూర మాడిపోయేది, లెక్క మాత్రం పూర్తయ్యేది కాదు.

“అత్తయ్యా, ఈ కత్తిపీట పెరట్లో పంచలో పెడదామా? పెద్దది అటూ ఇటూ పరిగెడుతోంది, కాలు తెగుతుందేమో” అంది ఒకరోజు. సరేనంది ఆవిడ. ఆ తర్వాత ఆ ఇంట్లో కూరల జాబితా మారింది. చేత్తో తుంచే తోటకూర, గోంగూర, చిదిమి వేసే టమాటా పప్పు. దొండకాయ వేపుడు, అరటికాయ, కంద... కత్తిపీట కావలసినవన్నీ మాయమయ్యాయి. మామగారు రెండు వారాలు ఊరుకుని, మూడో వారం కంచం ముందు “మనం మనుషులమా మేకలమా?” అన్నారు.

పిల్లాడికి నీళ్లు పోయడం అత్తగారికి అప్పగించింది. డాబా మీదకు ఎత్తుకెళ్లడం మానేసింది. రాత్రిళ్లు పిల్లాడికీ తనకీ మధ్య కూతుర్ని పడుకోబెట్టుకునేది. పాలివ్వడానికి మాత్రం తప్పదు కదా... కళ్లు మూసుకుని ఇచ్చేది. “కాన్పయి ఆర్నెల్లయినా కోడలికి ఒళ్లు వంగట్లేదమ్మా” అని అత్తగారు పక్కింట్లో చెప్పడం ఆమె చెవిన పడింది. పక్కింటావిడ గాలి సోకిందేమో, ఆంజనేయస్వామి గుళ్లో తాయెత్తు కట్టించమంది. కట్టించారు. పాపం, వాళ్ల మటుకు వాళ్లు చేయగలిగిందే చేశారు. ఆమే అసలు సంగతి చెప్పలేదు.

ఎలా చెప్పడం? కడుపు నొప్పయితే కడుపు నొప్పని చెప్పొచ్చు. నిద్ర పట్టడం లేదంటే మాత్ర ఇస్తారు. ‘నా కొడుకుని నేనే చంపేస్తానేమోనని భయంగా ఉంది’ అనే వాక్యాన్ని ఏ మనిషి ముందు కూర్చుని, ఏ మొహం పెట్టుకుని అంటారు? అమ్మకు చెబితే గుండె ఆగిపోతుంది. భర్తకు చెబితే పిల్లాణ్ని లాక్కుంటారు. తోటికోడలికి చెబితే ఇక చెప్పక్కర్లేదు, ఊరికే తెలిసిపోతుంది.

* * *

అలాంటి వాక్యాల కోసమే పత్రికల్లో ఆ పేజీలు పుట్టాయేమో. ఇది ఈనాటి ముచ్చట కూడా కాదు. లండన్‌లో 1691లోనే జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి ‘అథీనియన్ మెర్క్యురీ’ అనే పత్రిక పెట్టి, పేరు చెప్పని పాఠకుల ప్రశ్నలకు జవాబులు అచ్చువేశాడు. మన దగ్గర ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంకాయ కూర దగ్గర్నుంచి విడాకుల దాకా ఆవిణ్ని అడగని ప్రశ్న లేదు. పుట్టింట్లో అమ్మ అడిగినట్టు విసుక్కుంటూనే దారి చెప్పేవారని అప్పటి పాఠకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘స్వాతి’లో డాక్టర్ సమరం జవాబులు ఎంతమంది పుస్తకాల మధ్య దాచుకుని చదివారో లెక్కలేదు. ఆ తర్వాత ఆదివారం పుస్తకాలు వచ్చాయి. అందులో మానసిక వైద్యులు, సైకాలజిస్టులు వచ్చారు.

ఈ పేజీల మీద రెండు ఫిర్యాదులు ఎప్పుడూ ఉన్నాయి. ఒకటి, ఆ ఉత్తరాలు పత్రికల వాళ్లే రాసుకుంటారని. రెండు, జవాబులన్నీ ఒకేలా ఉంటాయని... ‘మీ దగ్గర్లోని మానసిక వైద్యుణ్ని సంప్రదించండి’. మొదటి ఫిర్యాదు చేసేవాళ్లు బహుశా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేని విషయం మోయలేదు. రెండో దానిలో మాత్రం కొంత నిజముంది. అయితే రోగిని చూడకుండా, నాలుగు ప్రశ్నలు తిరిగి అడిగే వీలు లేకుండా, ఓ కాగితం మీది రాత చూసి ఏ డాక్టరైనా అంతకన్నా ఏం చెప్పగలడు? మందు పేరు రాస్తే తప్పు. జబ్బు పేరు ఖాయం చేసినా తప్పే. కాకపోతే వైద్యుణ్ని సంప్రదించండి అనే ముక్కకి ముందు ఆయన రాసే పది లైన్లు ఉన్నాయి చూశారూ, అవే ముఖ్యం. మనిషి గడప దాటేది వాటి వల్లే.

* * *

ఉత్తరం రాయడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది. చాకలి పద్దు రాసుకునే లాంగ్ నోట్‌బుక్ మధ్యలోంచి కాగితాలు చింపేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ రాసేది. మొదటి చిత్తు ‘మా పక్కింటి ఆవిడకు ఓ సమస్య ఉంది’ అని మొదలైంది. ఆ పేజీలు చదివే అలవాటున్నవాళ్లకి తెలుసు, పక్కింటావిడ సమస్యలూ స్నేహితుడి సమస్యలూ ఎవరివో. ఆమెకూ తెలుసు. అందుకే చించేసింది. చింపిన ముక్కలు చెత్తబుట్టలో వేయలేదు. సాయంత్రం నీళ్లపొయ్యిలో వేసి, పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడింది.

చివరికి కుదిరిన ఉత్తరం మూడు పేజీలు. ‘గౌరవనీయులైన డాక్టరుగారికి నమస్కారములు’ తర్వాత మొదటి పేజీ అంతా పెళ్లి గురించి. రెండో పేజీలో పుట్టింటి సంగతులు, ఆడపడుచుకు పెట్టిన గొలుసు తాలూకు గొడవ. మూడో పేజీ సగం దాకా తలనొప్పి, నీరసం, ఆకలి లేకపోవడం. అసలు సంగతి చివరి ఐదు లైన్లలో ఉంది. ఆ ఐదు లైన్లలో అక్షరాలు కూడా చిన్నవైపోయాయి.

డాక్టరుకు కావలసినవి చాలా రాయలేదు. ఎన్ని వారాలుగా ఉంది? నిద్ర ఎన్ని గంటలు? మొదటి కాన్పప్పుడు ఇలా అయిందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? చెవిలో మాటలేమైనా వినిపిస్తున్నాయా? ఇవి రాయాలని ఆమెకెలా తెలుస్తుంది? ఆమె రాసింది డాక్టరు కోసం కాదు. ఎక్కడో ఒకచోట దించుకోవాలని. ఆ ఐదు లైన్లు రాశాక చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయింది. జూలై తర్వాత అదే మొదటిసారి.

కింద ‘నా పేరు, ఊరు దయచేసి ప్రచురించవద్దు’ అని రాసి, రెండుసార్లు గీత గీసింది. పేరెందుకు రాయడమంటారా? రాయకపోతే అబద్ధపు ఉత్తరం అనుకుంటారేమోనని. వీధి చివర పోస్టు డబ్బాలో వేయలేదు. పోస్ట్‌మాన్ వాళ్లింట్లో కూర్చుని మజ్జిగ తాగి వెళ్లే మనిషి, కవరు మీద రాత గుర్తుపట్టొచ్చు. కూతుర్ని బడి నుంచి తీసుకొచ్చే నెపంతో రైల్వే స్టేషన్ దాకా నడిచి, అక్కడి ఎర్ర డబ్బాలో వేసింది. వేశాక కవరు లోపల పడిన చప్పుడు వినపడలేదని చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూసింది. “ఎవరికమ్మా ఉత్తరం?” అంది కూతురు. “అమ్మమ్మకి” అంది.

* * *

ఏడు ఆదివారాలు. ఆ ఏడు ఆదివారాల్లో ఆమె ఇతరుల ఉత్తరాలన్నీ చదివింది. పరీక్ష హాల్లోకి వెళ్లగానే అంతా మరిచిపోయే డిగ్రీ కుర్రాడు. భర్త అనుమానంతో ఫోను ముట్టుకోవడానికి భయపడే ఉద్యోగిని. రిటైరయ్యాక ఇంట్లో ఎవరూ పలకరించట్లేదన్న హెడ్మాస్టరు. ఇరవయ్యేళ్ల కొడుకు గది తలుపేసుకుని ఎవరితోనో మాట్లాడుకుంటున్నాడన్న తండ్రి. ఆ తండ్రికి డాక్టరుగారు, మంత్రగాళ్ల చుట్టూ తిరిగి ఆలస్యం చేయొద్దు, ఈ వారమే చూపించండి అని రాశారు.

నాలుగో ఆదివారం ఒకతను రాశాడు. చేతులు రోజుకి నలభైసార్లు కడుక్కుంటాననీ, తలుపు గడియ పెట్టానో లేదో చూడ్డానికి సగం దారి నుంచి వెనక్కి వస్తాననీ. దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారని జవాబు. ఆమె అది చదివి ‘పాపం, ఇదేం చాదస్తం’ అనుకుంది. తన 21 రామనామాలకీ అతని నలభై కడుగుళ్లకీ చుట్టరికం ఉందని తట్టలేదు. తట్టేది కాదు కూడా. అతను పనిని చూసి భయపడుతున్నాడు, ఆమె తనను చూసి తనే భయపడుతోంది. ఆ రెండూ ఒక చెట్టు కొమ్మలేనని చెప్పడానికి ఇంకొకరు కావాలి.

అక్టోబర్‌లో ఓ ఆదివారం వచ్చింది. మెట్ల మీద నిలబడి చదివితే మొదట తనదని గుర్తుపట్టలేదు. మూడు పేజీలు పదకొండు లైన్లయ్యాయి. పెళ్లి లేదు, గొలుసు గొడవ లేదు. కత్తిపీట అన్నచోట ‘పదునైన వస్తువులు’ అని ఉంది. కింద ‘ఓ సోదరి, గుంటూరు జిల్లా’. ఒక్క క్షణం కోపం వచ్చిందామెకి. కత్తిపీట అని ఉంచితే వాళ్ల సొమ్మేం పోయింది? పదునైన వస్తువులంటే ఎవరివైనా కావొచ్చు. ఆ తర్వాతే తెలిసింది, ఎవరివైనా కావడమే తనకి రక్ష అని.

జవాబు ప్రశ్న కంటే పొడుగ్గా ఉంది. బాలింతల్లో చాలామందికి ఇలాంటి అక్కరలేని ఆలోచనలు తళుక్కున వచ్చిపోతుంటాయని, వాటిని ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి ప్రతి తల్లీ తనొక్కతే అనుకుంటుందని రాశారాయన. కొందరిలో అవి పోకుండా పట్టుకుంటాయి. అది ఓసీడీలో ఒక రకం కావొచ్చు. ఆ ఆలోచన అంటే మీకు అంత భయం, అంత అసహ్యం ఉండటమే అది మీ కోరిక కాదనడానికి గుర్తు. దాన్ని తప్పించుకోవడానికి వస్తువులు దాచడం, పిల్లాడికి దూరంగా ఉండటం వల్ల భయం పెరుగుతుందే గానీ తగ్గదు. ఉత్తరం చూసి జబ్బు ఖాయం చేయలేను గనుక తప్పక వైద్యుణ్ని కలవండి. ఒకవేళ చెవిలో మాటలు వినిపించినా, ఈ బిడ్డ నా బిడ్డ కాదనిపించినా, బిడ్డకి హాని చేయడమే సబబని తోచినా అది వేరే సమస్య, ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. మీ భర్తకు ఈ పేజీ చూపించండి.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. అచ్చులో ఉన్నది చూపించడం, నోటితో చెప్పడం కన్నా తేలికేమో. కానీ చూపిస్తే ‘ఇది నువ్వా?’ అంటాడుగా. పుస్తకం మడిచి దిండు పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం అత్తగారు మొదలుపెట్టింది. కన్యారాశి వాళ్లకి ధనలాభం. మామిడల్లం పచ్చడి. కథ ఈ వారం బాగాలేదు. తర్వాత పడక్కుర్చీలో ఉన్న మామగారికి వినపడేలా, ఎప్పట్లాగే, ప్రశ్న పైకి చదివింది. వంటింట్లో పప్పు ఎనుపుతున్న కోడలి చెయ్యి ఆగిపోయింది.

“ఇవన్నీ పేపరు వాళ్లు కూర్చుని రాసుకునేవే” అన్నారాయన. “ఏ తల్లికైనా అలాంటి బుద్ధి పుడుతుందా? పుట్టినా, పేపరుకి రాస్తుందా? నిజంగా పిచ్చిదైతే ఎర్రగడ్డలో వేయాలి గానీ.”

ఆవిడ జవాబు చెప్పలేదు. డాక్టరుగారి జవాబు మాత్రం పైకి చదవలేదు. లోలోపలే చదువుకుంది. చదివి, పుస్తకం మూసి, చాలాసేపు అలాగే కూర్చుంది. మామగారు గురక పెట్టారు.

సాయంత్రం ఇద్దరూ పెరట్లో ఉన్నారు. కోడలు మినప్పప్పు బాగుచేస్తోంది. పిల్లాడు అత్తగారి ఒళ్లో. ఆవిడ పిల్లాడి జుట్టు సవరిస్తూ, ఎటో చూస్తూ అంది.

“మీ ఆయన పుట్టినప్పుడు నాకు నుయ్యంటే హడలుగా ఉండేది.”

కోడలు తలెత్తింది.

“అదిగో, ఆ జామచెట్టు పక్కన ఉండేది. వాణ్ని ఎత్తుకుని గిలక దగ్గరికెళ్తే, చేతులు వదిలేస్తానేమోననిపించేది. మొదట్లో ఒకట్రెండుసార్లే. తర్వాత పెరట్లోకి రావడమే మానేశా. నీళ్లు తోడట్లేదని మా అత్తగారు నానా మాటలూ అంది.”

“మరెవరికీ చెప్పలేదా అత్తయ్యా?”

“ఎవరికి చెబుతామే?”

“మరెలా పోయింది?”

“పోలేదు. రెండేళ్లకి మీ మావయ్య నుయ్యి పూడ్పించి పంపు వేయించారు.”

నవ్వొచ్చే మాటే, కానీ ఇద్దరూ నవ్వలేదు. నుయ్యి పూడిస్తే భయం పోయినట్టు కనిపిస్తుంది. అందరికీ పూడ్చడానికి వీలయ్యే భయాలే ఉండవు. ఆవిడ ఇంకేం అడగలేదు. ఆ ఉత్తరం నీదా అనలేదు. కత్తిపీట ఎందుకు పంచలో పెట్టించావనీ అనలేదు. పిల్లాణ్ని కోడలి ఒళ్లో పడుకోబెట్టి లోపలికెళ్లింది. రాత్రి కొడుకు భోంచేస్తుంటే మాత్రం, “దీనికి నిద్ర సరిగ్గా పట్టడం లేదురా. రేపు సెలవు పెట్టి బెజవాడ తీసుకెళ్లు. మామూలు డాక్టరు కాదు, మనసుకి చూసే డాక్టరు. ఎవరైనా అడిగితే నడుం నొప్పని చెప్పండి” అంది. ఆవిడ గొంతులో ఆ స్థాయి ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు.

* * *

సూర్యారావుపేటలో డాక్టర్ల బోర్డుల మధ్య ఆ బోర్డు వెతుక్కోవడానికి అరగంట పట్టింది. లోపల కూర్చున్నవాళ్లంతా ఎవరి మొహం వాళ్లు పేపరు చాటున దాచుకున్నవాళ్లే. తెనాలి వాళ్లెవరైనా కనిపిస్తారేమోనని భర్త గుమ్మం బయటే నిలబడ్డాడు.

డాక్టరు ముందు ఆమె నోరు పెగల్లేదు. పర్సులోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. అత్తగారు చదివేశాక, వంటల పేజీ కావాలని చెప్పి కత్తిరించుకున్న ముక్క అది. ఆయన చదివి, “ఇలాంటిదేనా?” అన్నారు. “ఇదే” అంది. అక్కడ కూడా ‘నేనే’ అనలేదు.

తర్వాత అడగవలసినవన్నీ ఆయన అడిగారు. మాటలు వినిపిస్తున్నాయా, ఎన్నిసార్లు లెక్కపెడతావు, చనిపోవాలనిపిస్తోందా. చివరిదానికి ఆమె చాలాసేపు ఊరుకుంది. ఆ మౌనం చూశాకే భర్తను లోపలికి పిలిచారు. ఆ మనిషి అంతా విని పిల్లాణ్ని లాక్కోలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, “నాకు చెప్పొచ్చుగా” అన్నాడు. ఎలా చెప్పాలో అతను చెప్పలేదనుకోండి.

పాలిచ్చే తల్లికి ఇవ్వదగ్గ మందు రాశారు. ఈ జబ్బులో మందు పనిచేయడం కనపడాలంటే పది, పన్నెండు వారాలు పట్టొచ్చని ముందే చెప్పారు. చెప్పకపోతే ఆమె మూడో వారంలో మానేసేదే. మందుతో పాటు ఇంటి పని కూడా ఇచ్చారు. మొదటి వారం కత్తిపీట వంటింట్లోకి తెచ్చి మూల పెట్టుకోవడం. రెండో వారం దాని పక్కన ఊరికే కూర్చోవడం. ఆలోచన వస్తే రానివ్వాలి, రామనామం లెక్కపెట్టకూడదు. దేవుడి మీద భక్తితో అనుకుంటే అనుకోండి, లెక్క కోసం వద్దన్నారు. అన్నిటికన్నా కష్టం అదేనట. చెమటలు పట్టేవి. అరగంట కూర్చుంటే భయం తనంతట తనే దిగేది. ఆ తర్వాత పిల్లాడు గదిలో ఉండగా తరగడం. అత్తగారు తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చునేది. సాయం చేయకూడదని డాక్టరు చెప్పారు కాబట్టి చేసేది కాదు. కూర్చునేది, అంతే.

2007 సంక్రాంతికి దొండకాయ వేపుడు చేసింది. మామగారు రెండోసారి వడ్డించుకున్నారు. పూర్తిగా నయమైందా అంటే, మధ్యలో ఒకసారి మందు మానేసి మళ్లీ తిరగబెట్టింది. మళ్లీ బెజవాడ, మళ్లీ నడుం నొప్పి. ఆ వీధిలో ఇప్పటికీ ఆమెది నడుం నొప్పే.

* * *

అప్పటికీ ఇప్పటికీ కొన్ని మారాయి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా చూడాలే గానీ నేరస్థుడిగా శిక్షించకూడదంది. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలిమానస్ ప్రారంభించింది. 14416కి ఫోన్ చేస్తే, తెలుగులోనే, పగలనక రాత్రనక మాట్లాడే మనుషులుంటారు. ఉత్తరానికి ఏడు ఆదివారాలు ఆగనక్కర్లేదు. అంతకుముందు 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అందులో డాక్టర్లు లేక అందనివాళ్లెందరో, చెప్పలేక అందనివాళ్లెందరో.

అత్తగారు ఇప్పుడు లేరు. ఆ పిల్లాడు ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నాడు. పెట్టె అడుగున పట్టుచీర మడతలో ఆ పేపరు ముక్క ఉంది. వెనకవైపు మామిడల్లం పచ్చడి సగమే ఉంది, కొలతలు తెగిపోయాయి.

మొన్నామధ్య కూతురు కాన్పుకొచ్చింది. ఆడపిల్ల. బారసాల అయిన వారానికి, పిల్లకి నీళ్లు పోస్తూ పోస్తూ కూతురు చెంబు కింద పెట్టేసి “అమ్మా, ఈ పూట నువ్వు పోయవా?” అంది. ఆమె చెంబందుకుని, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ వేసేదాకా ఏమీ అడగలేదు. తర్వాత అడిగింది.

“ఏమైనా భయంగా ఉంటోందా?”

“ఏం భయం? ఏం లేదే” అంది కూతురు. కాసేపాగి, “ఎలాంటి భయం?” అంది.

ఆమె లేచి పెట్టె తెరిచింది. కూతురు ఆ ముక్క రెండుసార్లు చదివింది. కాగితం మడత దగ్గర చిరుగుపట్టింది, జాగ్రత్తగా పట్టుకుంది.

“ఇది నువ్వా?”

“నేనే.”

“స్టేషన్ దగ్గర డబ్బాలో వేశావ్. అమ్మమ్మకన్నావ్.”

“గుర్తుందా నీకు?”

“చెయ్యి లోపలికి పెట్టావుగా, ఇరుక్కుపోతుందేమోనని నేను ఏడ్చాను” అంది కూతురు. తర్వాత “నాన్నకి తెలుసా, నువ్వే రాశావని?”

“తెలీదు. పేపర్లో చూసి కత్తిరించుకున్నానని అనుకుంటున్నారు.”

“నానమ్మకి?”

ఆమె సాంబ్రాణి కుంపట్లో నిప్పులు సర్దుతూ ఉండిపోయింది. కూతురు పేపరు ముక్క పక్కన పెట్టి, పిల్లని ఒళ్లోకి తీసుకుని, “మేడ మెట్లు దిగుతుంటేనమ్మా...” అని మొదలుపెట్టింది.